సౌండ్ సందేహాలు: మెల్లోట్రాన్‌కి ఆ పాత స్టూడియో సౌండ్ ఎట్లా తేవాలి?

పోయిన నెల ఈ పేజీలో మెల్లోట్రాన్ గురించి నాలుగు ముక్కలు రాశాం. అదేనండి, ప్రతి కీ కింద ఒక టేపు ముక్క ఉండే ఇంగ్లండ్ కీబోర్డు, 1963లో బర్మింగ్‌హామ్‌లో మొదలైంది. ఫ్లూటో వయొలిన్లో ముందే టేపు మీద రికార్డు చేసిపెట్టి ఉంటాయి, కీ నొక్కితే ఆ టేపు, సౌండ్ చదివే హెడ్ మీదుగా నడుస్తుంది, వదిలితే ఆగిపోతుంది. అది చదివి హైదరాబాద్ నలుమూలల నుంచి వచ్చిన మెసేజీలన్నీ చుట్టూ తిరిగి ఒకే దగ్గరికి వస్తున్నాయి, ప్లగిన్ (కంప్యూటర్‌లో ఆ కీబోర్డు సౌండ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఉంది గానీ ఆ సౌండ్ రావట్లేదు అని. అందుకని ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. సినిమా పాటల మిక్సింగ్ ప్రశ్నలు పంపినవాళ్ళు కోప్పడకండి, వచ్చే నెల చూద్దాం.

అన్నా, నా దగ్గర మెల్లోట్రాన్ ప్లగిన్ ఉంది. ఫ్లూట్, మూడు వయొలిన్లు రెండూ మంచిగనే ఉన్నయ్ గనీ వాయిస్తే పాత రికార్డులల్ల విన్నట్టు అస్సలు అనిపిస్తలేదు. రివర్బ్ పెంచిన, టేప్ ప్లగిన్ ఏసిన, ఆఖరికి వినైల్ చప్పుడు గూడ కలిపిన. ఏం తక్కువైందో సమజైతలేదు. – ఉప్పల్ నుంచి ఒక తమ్ముడు

తమ్ముడూ, ముందు ఆ వినైల్ చప్పుడు తీసెయ్. ఇప్పుడు మిగతా ఎఫెక్టులన్నీ కూడా ఆఫ్ చేసి వాయించే తీరు చూడు, ఎందుకంటే నువ్వు పంపిన క్లిప్ విన్నా, నాలుగు నోట్లు కలిపి మోగించే కార్డు ఒకటి పట్టుకుని ఇరవై సెకన్లు అట్లాగే కూర్చున్నావ్. నిజం మిషన్ మీద అది కుదరదు. ఎం400 అని 1970లో వచ్చిన మోడల్ తీసుకో, అందులో 35 కీలు, 35 టేపులు, ఒక్కో టేపు మీద ఎనిమిది సెకన్ల సౌండ్, అంతే, లూప్ కాదు. ఎనిమిది సెకన్లయితే నోటు ఆగిపోతుంది, కీ వదిలితే స్ప్రింగ్ టేపుని వెనక్కి లాగేస్తుంది, మళ్ళీ నొక్కితే మళ్ళీ మొదటి నుంచి. అందుకే అప్పటి వాళ్ళు ఒక వేలు వదిలి ఇంకో వేలు వేస్తూ, ఇన్వర్షన్లు (అవే నోట్ల పైకిందుల వరస) మారుస్తూ, నాలుగు నోట్లూ ఒకేసారి అయిపోకుండా చూసుకుంటూ వాయించేవాళ్ళు. ఆ కదలికే చాలావరకు మనకి ఆ సౌండ్ అనిపిస్తుంది. కాబట్టి ప్లగిన్‌లో లూప్ ఉంటే ఆపెయ్, ఎనిమిది సెకన్ల లిమిట్ ఉంటే ఆన్ చెయ్, లేకపోతే నువ్వే లెక్కపెట్టుకో.

రెండోది రిలీజ్. కీ వదలగానే టేపు హెడ్ నుంచి పక్కకి వెళ్ళిపోతుంది, నోటు టక్కున చచ్చిపోతుంది. కొన్ని ప్లగిన్లు అది చెవికి మొరటుగా ఉంటుందని మెత్తగా ఫేడ్ అయ్యేలా పెడతాయి, దాన్ని పూర్తిగా తగ్గించు. నోటు టక్కున ఆగాలి, ఆగిన చోట వెనక నుంచి రివర్బ్ కనపడాలి. నోటే మెత్తగా సాగుతూ పోతే రివర్బ్ ఎంత పెంచినా అది నోటు వెనకాల దాక్కుని ఉంటుంది, నువ్వేమో వినపడట్లేదని ఇంకా పెంచుతావ్, చివరికి బాత్రూంలో రికార్డు చేసినట్టు తయారవుతుంది.

మూడోది వెలాసిటీ. మెల్లోట్రాన్‌కి గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా అనేది లేదు. సగం నొక్కితే టేపు హెడ్‌కి సరిగ్గా ఆనక మసకగా వస్తుంది అంతే. మిడిలో (కంప్యూటర్‌లో నోట్లు రాసుకునే చోట) వెలాసిటీలన్నీ ఒకటే నంబర్ చేసెయ్, హెచ్చుతగ్గులు కావాలంటే వాల్యూం పెడల్‌తో చెయ్, పెడల్ లేకపోతే మౌస్‌తో ఆటోమేషన్ గియ్యి.

ఇప్పుడు ఊగుడు సంగతి, అందరూ తప్పుదారి పట్టేది ఇక్కడే. టేప్ ప్లగిన్ ఒకటి మొత్తం ట్రాక్ మీద వేసి వావ్ నాబ్ (పిచ్‌ని నెమ్మదిగా ఊగించేది) తిప్పితే కార్డులో ఉన్న అన్ని నోట్లూ కలిసి ఒకేలా ఊగుతాయి. నిజం మిషన్‌లో రెండు రకాల ఊగుడు ఉంటుంది. టేపులన్నిటినీ నడిపే కాప్‌స్టన్ రాడ్డు ఒకటే, మోటారు ఒకటే, కాబట్టి మోటారు తడబడితే అన్నీ కలిసే తడబడతాయి, ఎక్కువ కీలు ఒకేసారి నొక్కితే లోడ్ పడి పిచ్ కొంచెం దిగేది కూడా. కానీ ఒక్కో కీకి దాని పించ్ రోలర్ (టేపుని రాడ్డుకి నొక్కేది) దానిది, దాని ప్రెషర్ ప్యాడ్ (టేపుని హెడ్‌కి నొక్కేది) దానిది, టేపు బిగువు దానిది. సిటీ బస్సులో నిలబడ్డవాళ్ళని చూడు, బస్సు ఊగితే అందరూ ఊగుతారు, ఆ పైన ఎవరి తూలుడు వాళ్ళకి ఉంటుంది. రెండూ కావాలి. అందుకని కార్డుని మూడు ట్రాకులుగా విడగొట్టు, కింద నోటు ఒకదాంట్లో, మధ్యవి ఒకదాంట్లో, పైది ఒకదాంట్లో. ఒక్కోదానికి చాలా చిన్న వావ్ పెట్టు, మూడూ వేరే వేరే స్పీడుల్లో, సెకనుకి ఒకసారి కన్నా నెమ్మదిగానే. తర్వాత మూడూ కలిసే మిక్సర్ బస్ ట్రాక్ మీద ఇంకొంచెం. మొత్తం కలిపి ఐదారు సెంట్లు (సెంటు అంటే పక్కపక్క కీల మధ్య దూరంలో వందో వంతు) దాటితే తాగి వాయించినట్టు ఉంటుంది. లెక్క కావాలంటే, టేపు స్పీడ్ ఒక శాతం మారితే పిచ్ సుమారు 17 సెంట్లు మారుతుంది, అంటే నువ్వు శాతంలో మూడో వంతుతో ఆడుకుంటున్నావ్.

ఆఖర్న రివర్బ్. ఇన్సర్ట్‌గా, అంటే ట్రాక్ మీదే, వెయ్యకు, సెండ్ మీద, అంటే సౌండ్ కాపీ పంపే వేరే దారిలో, పెట్టు. సెండ్‌లో మొదట ఫిల్టర్, 600 హెర్ట్జ్ కింద కోసెయ్, 10 వేల పైన కోసెయ్, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఎకోకి పంపేముందు ఇట్లా కోసే అలవాటు ఉండేది. ఆ తర్వాత ఒకే ఒక్క రిపీట్ ఉన్న డిలే, 100 నుంచి 130 మిల్లీసెకన్లు, తడి సౌండ్ (ఎఫెక్టు నుంచి వచ్చేది) మాత్రమే. దాని తర్వాత ప్లేట్ రివర్బ్, రెండు రెండున్నర సెకన్లు. అప్పట్లో ప్లేట్ అంటే ఈఎంటీ 140, 1957లో జర్మనీ నుంచి వచ్చింది, రెండు మీటర్ల పొడుగు ఒక మీటరు ఎత్తు ఉన్న, అర మిల్లీమీటరు మందం స్టీలు రేకు, ఫ్రేములో బిగించి వేలాడదీస్తారు. రేకు కాబట్టి గది లాగా మొదట ఒకటి రెండు దెబ్బలు కొట్టి తర్వాత నిండదు, మొదట్నుంచే చిక్కగా వస్తుంది. ఆ చిక్కదనం నోటు మీద పడిపోకుండా కాస్త వెనక్కి జరపడానికే ముందు టేపు డిలే.  చేసి చూడు, చెవికే తెలుస్తుంది.

సర్, ప్లగిన్‌లో టేపు హిస్ యాడ్ చేసే బటన్ ఉంది. వెయ్యాలా వద్దా? – దిల్‌సుఖ్‌నగర్

వద్దు. వేస్తే సరిగ్గా వెయ్యాలి. మెల్లోట్రాన్‌లో కీ నొక్కనప్పుడు ఏ టేపూ హెడ్‌కి ఆనదు, కాబట్టి టేపు హిస్ ఉండదు, ప్రీయాంప్ శబ్దం మాత్రం సన్నగా ఉంటుంది. ఒక కీ నొక్కితే ఒక టేపు హిస్, నాలుగు నొక్కితే నాలుగు టేపులది. హిస్ కూడా నోటుతోపాటు వచ్చి నోటుతోపాటు పోవాలన్నమాట. పాట మొత్తం సన్నగా షూ అంటూ ఒకే హిస్ నడుస్తుంటే అది కీబోర్డు సౌండ్ కాదు, మాస్టర్ టేపు సౌండ్, దాని చోటు మాస్టర్ బస్ మీద. శాంపిళ్ళలో ఆ హిస్ ముందే ఉంటుంది చాలాసార్లు, సోలో చేసి వినండి.

హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) గురించి కూడా ఒకరు అడిగారు. ఇంగ్లండ్ కరెంటూ మనదీ రెండూ 50 హెర్ట్జే, కాబట్టి మీ ఇంటి ఎర్తింగ్ సరిగ్గా లేక వచ్చే హమ్ కూడా శృతి ప్రకారం ఒరిజినలే, సంతోషించండి. 50 హెర్ట్జ్ దాదాపు జీ నోటు దగ్గర పడుతుంది, జీ మైనర్ పాటైతే కలిసిపోతుంది, వేరే స్కేల్ అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నమస్తే అండీ. ఏడీటీ అనే పదం చాలా వీడియోల్లో వింటున్నా. నేను డబ్లింగ్ కోసం ట్రాక్ కాపీ చేసి 30 మిల్లీసెకన్లు వెనక్కి జరిపాను. ఏదో డబ్బాలో నుంచి వచ్చినట్టుంది తప్ప డబుల్ అనిపించట్లేదు. నేను హోమ్ స్టూడియోలో వయొలిన్స్ ట్రాక్ మీద ప్రయత్నిస్తున్నా. – సైనిక్‌పురి, ఒక సోదరి

అమ్మా, మీరు చేసింది స్టాటిక్ డిలే. కాపీ అస్సలు కదలకుండా 30 దగ్గరే నిలబడి ఉంటే చెవి దాన్ని ఇంకో మనిషి అనుకోదు, డబ్బా అనే అనుకుంటుంది. ఏడీటీ, అంటే ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్, దాని కిటుకంతా కదలికలో ఉంది.

1966లో ఆబీ రోడ్‌లో కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీర్ దీన్ని తయారుచేశాడు. గాయకులు అదే లైను రెండోసారి పాడే బాధ తప్పించడానికి. టేపు మిషన్‌లో రికార్డు హెడ్ ముందు ఉంటుంది, ప్లేబ్యాక్ హెడ్ దాని తర్వాత. రికార్డు హెడ్‌నే ప్లేబ్యాక్‌కి వాడితే సౌండ్ కొంచెం ముందుగా దొరుకుతుంది. ఆ ముందుగా దొరికినదాన్ని రెండో మిషన్‌కి పంపి, అక్కడ రికార్డయి దాని ప్లేబ్యాక్ హెడ్ దాకా వచ్చేసరికి ఆలస్యమై, మొదటి మిషన్ మామూలు ప్లేబ్యాక్‌తో ఇంచుమించు కలుస్తుంది. రెండో మిషన్ మోటారు స్పీడుని ఆసిలేటర్‌తో చేత్తో తిప్పుతుంటారు. తిప్పితే కాపీ ఒరిజినల్‌కి కొంచెం వెనక్కి పోతుంది, లేదా ముందుకి వస్తుంది. ముందుకి! అది గమనించండి. మామూలు డిలే ప్లగిన్‌తో కాపీ ఎప్పటికీ ఒరిజినల్ కంటే ముందు రాలేదు.

కాబట్టి మీ డాలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో) ఒరిజినల్‌ని కూడా ఆలస్యం చెయ్యాలి. వయొలిన్స్ ట్రాక్‌కి 50 మిల్లీసెకన్ల ఫిక్స్‌డ్ డిలే పెట్టండి, వంద శాతం వెట్, ఫీడ్‌బ్యాక్ సున్నా. కాపీ ట్రాక్‌కి ఇంకో డిలే పెట్టి దాని టైంని 65 నుంచి 90 మధ్య ఆటోమేషన్‌తో నెమ్మదిగా నడిపించండి. డిలే ప్లగిన్ టైం మార్చినప్పుడు పిచ్ జారేది అయ్యుండాలి, కొన్ని ప్లగిన్లు క్లిక్ క్లిక్‌మని దూకుతాయి, అవి పనికిరావు, టేప్ మోడ్ అని ఉన్నది చూసుకోండి. ఎంత నెమ్మదిగా అంటే, 10 మిల్లీసెకన్ల దూరం రెండు సెకన్లలో నడిస్తే ఆ రెండు సెకన్లూ పిచ్ అర శాతం, అంటే సుమారు తొమ్మిది సెంట్లు తేడాగా ఉంటుంది. అది కొంచెం ఎక్కువే. నాలుగైదు సెకన్లు తీసుకోండి. ఎల్ఎఫ్ఓ (దానంతటదే ఒకే లయలో ఊగించేది) పెట్టి వదిలేయకండి, గుండ్రంగా తిరిగే ఊగుడు కోరస్ పెడల్ అయిపోతుంది, మౌస్ పట్టుకుని చేత్తో వంకరటింకరగా గీయండి. వయొలిన్స్ మెలోడీ పైకి వెళ్ళే చోట కాపీని కాస్త దూరం జరిపి, లైను చివర దగ్గరికి తెస్తే బాగుంటుంది, ఇది నా ఇష్టం.

పానింగ్: మొదట రెండూ సెంటర్‌లోనే ఉంచి మోనోలో కుదిరిందా చూడండి. కుదిరాకే చెరో పక్కకి. ఎడమా కుడీ చేసేసి వెడల్పు చూసి మురిసిపోయి, తర్వాత ఫోన్ స్పీకర్‌లో వింటే వయొలిన్లు మాయమైపోయిన మిక్సులు నా దగ్గరికి చాలా వస్తుంటాయి.

ఫ్లాంజింగ్ కూడా అదేనా? – కృష్ణానగర్

అన్నదమ్ముడే. కాపీ ఒరిజినల్‌కి బాగా దగ్గరికి వచ్చి, దాన్ని దాటి అటు వైపు పోతే వచ్చేది ఫ్లాంజింగ్. రెండు సౌండ్ల మధ్య ఒక మిల్లీసెకను తేడా ఉంటే 500 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది, తర్వాత 1500, 2500 ఇట్లా వరసగా. తేడా తగ్గేకొద్దీ గుంటలన్నీ పైకి పాకుతాయి, అదే ఆ విమానం పోయినట్టుండే హోరు. తేడా సున్నా అయిన క్షణంలో రెండూ ఒకటైపోయి సౌండ్ గట్టిపడుతుంది, మళ్ళీ విడిపోతాయి. పెడల్ ఫ్లాంజర్లలో ఎక్కువ శాతం ఆ సున్నా దాకా పోవు, అందుకే టేపు ఫ్లాంజింగ్ వేరుగా ఉంటుంది. పైన చెప్పిన ఏడీటీ సెటప్‌లోనే కాపీని 50 మీదుగా, 51 నుంచి 49కి మూడు నాలుగు సెకన్లలో నడిపించండి. మెల్లోట్రాన్ కోయిర్ (బృందగానం) సౌండ్ మీద వేస్తే ఆకాశం కదిలినట్టుంటుంది, ఫ్లూట్ మీద పెద్దగా తెలీదు, ఎందుకంటే ఫ్లూట్‌లో హార్మోనిక్స్ తక్కువ, గుంటలు పడటానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా. పాట మొత్తం వెయ్యకండి, ఒక లైను చాలు.

గౌరవనీయులైన సంపాదకులకు, నేను రిటైర్డ్ ఉద్యోగిని, మా నాన్నగారి కాలం నాటి స్పూల్ టేప్ రికార్డర్ అటక మీద ఉంది. మా మనవడు కీబోర్డు రికార్డింగుకి దాన్ని ఎకోగా వాడొచ్చంటున్నాడు. నాన్నగారు రికార్డు చేసిన నాటకాల టేపులు కూడా ఓ పెట్టెడు ఉన్నాయి, వాటి మీదే ప్రయత్నించమంటారా? – మలక్‌పేట

పెద్దాయనా, దండం పెడతాను, ఆ టేపుల మీద మాత్రం వద్దు. ఎకో అంటే టేపు మీద కొత్తగా రికార్డు చేయడమే, పాతది చెరిగిపోతుంది, మళ్ళీ రాదు. ఆ పెట్టెని ముందు పొడిగా ఉండే చోటికి మార్చి, పద్ధతి తెలిసిన వాళ్ళతో డిజిటల్‌లోకి ఎక్కించండి. మన వర్షాకాలం తేమకి టేపు అంచుల మీద తెల్లగా బూజు పడుతుంది, అట్లా ఉన్నదాన్ని మిషన్‌లో పెట్టి తిప్పకండి, బూజు హెడ్‌లకీ మిగతా టేపులకీ పాకుతుంది. మీ మనవడు మెల్లోట్రాన్‌కి ఎకో లేకుండా నెల రోజులు బతకగలడు.

ఇక మిషన్. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్నదాన్ని కిందకి దించగానే ప్లగ్‌లో పెట్టేయకండి. లోపల కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. రిపేరు తెలిసినవాళ్ళు మొదట సీరీస్ బల్బు పెట్టి కరెంటిస్తారు, షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, మిషన్ బతుకుతుంది. బెల్టు సాగిపోయో జిగురైపోయో ఉంటుంది. కోఠీ గుజరాతీ గల్లీలో కెపాసిటర్లకీ, చిన్నా చితకా పార్టులకీ తిరగొచ్చు, బెల్టుకి పాతది చేతిలో పట్టుకెళ్ళండి, నోటితో సైజు చెప్తే వాళ్ళు ఇచ్చేది వేరేది. హెడ్‌లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి, ఇయర్ బడ్ మీద గోధుమ రంగు మడ్డి వస్తుంది, అది రావడం ఆగేదాకా. రబ్బరు పించ్ రోలర్‌కి మాత్రం ఆల్కహాల్ మాటిమాటికీ వద్దు, రబ్బరు గట్టిపడి పగులుతుంది, కాస్త సబ్బు నీళ్ళ గుడ్డ చాలు.

ఇప్పుడు మనవడికి. బాబూ, ముందు ప్యానెల్ మీద చూడు, టేప్, సోర్స్ అని మానిటర్ స్విచ్ ఉందా? ఉంటే ఆ మిషన్‌కి మూడు హెడ్‌లు ఉన్నట్టు, ఎరేజ్, రికార్డ్, ప్లేబ్యాక్ విడివిడిగా. ఎకో వస్తుంది. ఆ స్విచ్ లేకుండా రెండే హెడ్‌లు ఉంటే రికార్డుకీ ప్లేబ్యాక్‌కీ ఒకటే హెడ్, రికార్డవుతుండగా వినే వీలు లేదు, ఎకో రాదు. ఉన్నట్టయితే మూత తీసి రికార్డు హెడ్ మధ్య నుంచి ప్లేబ్యాక్ హెడ్ మధ్యకి ప్లాస్టిక్ స్కేల్‌తో కొలువు, స్టీలు స్కేలు హెడ్ దగ్గర పెట్టకు, గీత పడొచ్చు, అయస్కాంతం ఎక్కి ఉంటే ఇంకో తంటా. అది 4 సెంటీమీటర్లు అనుకో. టేపు సెకనుకి 19 సెంటీమీటర్ల స్పీడులో నడిస్తే డిలే 210 మిల్లీసెకన్లు, 9.5 స్పీడులో 420. ఇవే నీకు దొరికే రెండు డిలేలు, పాట టెంపోకి ఇవి కలవకపోతే పాటనే కాస్త అటూ ఇటూ జరుపుకో, అప్పటి వాళ్ళూ అదే తిప్పలు పడ్డారు, మోటారు స్పీడు మార్చే ఏర్పాటు ఉన్నవాళ్ళు దాన్ని వాడుకున్నారు.

కనెక్షన్: ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి మిషన్ లైన్ ఇన్, మిషన్ లైన్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్. కొత్త టేపు గానీ ఖాళీ టేపు గానీ ఎక్కించి రికార్డులో పెట్టు, స్విచ్ టేప్ మీద. మెల్లోట్రాన్ ట్రాక్‌ని సెండ్ ద్వారా పంపి వచ్చిన ఎకోని కొత్త ట్రాక్‌లో రికార్డు చేసుకో. కంప్యూటర్ పోయి రావడానికి కూడా కొన్ని మిల్లీసెకన్లు తింటుంది కాబట్టి మొదట ఒక క్లిక్ పంపి, అసలు క్లిక్‌కీ వచ్చిన క్లిక్‌కీ ఎంత దూరం ఉందో వేవ్‌ఫాంలో చూసుకో. అవసరమైతే ట్రాక్ జరుపు. ఒక్క ఎకో సరిపోక రెండు మూడు రిపీట్లు కావాలంటే వచ్చిన ఎకోని అదే సెండ్‌లోకి కొంచెం పంపు. చెయ్యి ఫేడర్ మీద నుంచి తియ్యకు, ఒక్క గీత ఎక్కువైతే ఎకో తనని తాను పెంచుకుంటూ పోయి కేక పెడుతుంది, తాతగారు పక్క గదిలో పడుకుని ఉంటే చూసుకో. ఒక్కో రిపీట్‌కి పైన ఫ్రీక్వెన్సీలు రాలిపోతూ మసకబారుతుంది చూడు, మెల్లోట్రాన్ ఫ్లూట్‌కి ఆ మసకే అందం. రికార్డింగ్ లెవెల్ కూడా సూది ఎరుపు అంచుని తాకీ తాకనట్టు పెడితే చాలు, ఎక్కువ కొడితే ఫ్లూట్ చిరుగుతుంది.

మా ఇంట్లో స్పూల్ లేదు, క్యాసెట్ డెక్ ఉంది. పనికొస్తుందా? – అల్వాల్

ఎకోకి మూడు హెడ్‌ల డెక్ అయితే తప్ప రాదు, మామూలు వాటికి రెండే. కానీ మెల్లోట్రాన్ ట్రాక్‌ని ఒకసారి క్యాసెట్ మీదకి ఎక్కించి మళ్ళీ కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది, టేపు కూడా 3.81 మిల్లీమీటర్లే వెడల్పు, మెల్లోట్రాన్‌లో ఉండే అంగుళంలో మూడెనిమిదో వంతు టేపుతో పోలిస్తే దారం. కాబట్టి ఊగుడూ, మసకా రెండూ ఎక్కువే వస్తాయి. డాల్బీ బటన్ (హిస్ తగ్గించేది) ఆఫ్ చెయ్యండి. వెనక్కి తెచ్చుకున్నాక స్పీడు తేడాకి ట్రాక్ మెల్లగా పాట నుంచి జారిపోతుంది, నాలుగు నిమిషాల పాటలో చివరికొచ్చేసరికి స్పష్టంగా తెలుస్తుంది, అందుకని ఒకేసారి మొత్తం కాకుండా ఎనిమిది బార్లకో పదహారు బార్లకో ముక్కలు చేసి, ప్రతి ముక్క ముందూ ఒక క్లిక్ పెట్టి ఎక్కించండి. క్లిక్‌ని క్లిక్‌కి కలిపితే ముక్క కూర్చుంటుంది. ఒరిజినల్ ట్రాక్ చెరపకండి, దాన్ని క్యాసెట్ ట్రాక్ కింద సన్నగా కలిపితే ఊరికే వచ్చే డబ్లింగ్ అది.

అన్నా, నిజం ఎకో ఛాంబర్ లాగా మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర రికార్డ్ చేద్దామని ప్లాన్. ఐదు ఫ్లోర్లు, మొజాయిక్ మెట్లు, చప్పట్లు కొడితే మస్తు మోగుతుంది. టిప్స్ చెప్పవా? – మౌలాలి నుంచి బీటెక్ బ్యాచ్

ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న. చెయ్యండిరా, మెట్లు చాలా మంచి ఛాంబర్. ఎకో ఛాంబర్ అంటే గట్టి గోడల ఖాళీ గది, ఒక మూల స్పీకర్, ఇంకో మూల మైకు, అంతకన్నా ఏం లేదు. ఆబీ రోడ్ స్టూడియో ఛాంబర్‌లో సౌండ్ అన్ని వైపులకీ చెదిరిపోవాలని గ్లేజ్ వేసిన డ్రైనేజీ పైపులు నిలబెట్టేవాళ్ళు. మీకు మెట్లూ రెయిలింగూ ఆ పని చేస్తాయి.

మొదటి రూలు, స్పీకర్ మైకు వైపు చూడకూడదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో స్పీకర్‌ని గోడకి తిప్పిపెట్టి, మైకుని మూడో ఫ్లోర్ ల్యాండింగ్‌లో ఇంకో గోడకి తిప్పి పెట్టండి. డైరెక్ట్ సౌండ్ ఎంత తక్కువ పడితే అంత మంచిది, అది మీకు ట్రాక్‌లో ఎలాగూ ఉంది. పంపే సౌండ్‌లో బాస్ కోసెయ్యండి, మొదటి జవాబులో చెప్పిన ఫిల్టరే, లేకపోతే మెట్లన్నీ గుంయ్‌మంటాయి. ఛాంబర్‌కి ముందు టేపు డిలే పెట్టే పద్ధతి కూడా ఆబీ రోడ్‌లో ఉండేది, స్టీడ్ అనేవాళ్ళు, మీరు డాలోనే డిలే వేసి పంపండి.

టైము రాత్రి పదకొండు దాటాక పెట్టుకుంటారని తెలుసు, కానీ అప్పుడే కింద ఇంటి అంకుల్ లేస్తాడు. నన్నడిగితే మధ్యాహ్నం రెండు మూడు మధ్య మేలు, ఆఫీసుల వాళ్ళు ఆఫీసుల్లో, పెద్దవాళ్ళు నిద్రలో, అదీ మరీ లౌడ్ పెట్టకపోతేనే. లిఫ్ట్ మోటారు శబ్దం గోడల్లోంచి వస్తుంది, వాచ్‌మన్ అన్నకి చెప్పి పది నిమిషాలు లిఫ్ట్ ఆపించండి, అసోసియేషన్ సెక్రటరీకి కూడా ముందే ఒక మాట వేయండి, లేకపోతే వాట్సాప్ గ్రూపులో మీ ఫొటో పడుతుంది.

ప్రతి పాటకీ మళ్ళీ మెట్లెక్కలేం అనుకుంటే ఇంపల్స్, అంటే ఆ మెట్ల మోత నమూనా, తీసుకోండి. 20 హెర్ట్జ్ నుంచి 20 వేల దాకా మెల్లగా పైకెళ్ళే స్వీప్ సౌండ్ ఒకటి పదిహేను సెకన్లది అదే స్పీకర్‌లో ప్లే చేసి మైకులో రికార్డు చేస్తే, దాన్ని డీకన్వాల్వ్ చేసి, అంటే స్వీప్‌ని తీసేసి మెట్ల మోత మాత్రం మిగిల్చి, కన్వల్యూషన్ రివర్బ్‌లో (ఆ నమూనాతో రివర్బ్ ఇచ్చే ప్లగిన్‌లో) పెట్టుకోవచ్చు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి రియావర్బ్ (ReaVerb) ప్లగిన్ దాంతోనే వస్తుంది, ఈ పని అందులోనే అవుతుంది. బెలూన్ పగలగొట్టి రికార్డు చేసినా పని నడుస్తుంది గానీ బెలూన్‌కీ బెలూన్‌కీ సౌండ్ మారుతుంది, బాస్ సరిగ్గా రాదు. ఒక తేడా మాత్రం తెలుసుకోండి, ఇంపల్స్ అనేది ఆ క్షణం మెట్ల ఫొటో, కదలదు. నిజంగా మెట్లలో ప్లే చేసి రికార్డు చేసుకున్న ట్రాక్‌లో రెండో ఫ్లోర్ తలుపు వేసిన చప్పుడూ, ఎక్కడో కుక్కర్ విజిలూ ఉంటాయి. మెల్లోట్రాన్‌కి నేనైతే కుక్కర్ విజిల్‌తో సహా ఉంచేస్తా.

లెస్లీ స్పీకర్ ఎఫెక్ట్ మెల్లోట్రాన్ మీద బాగుంటుందా? – తార్నాక

కోయిర్ మీద, ఆర్గన్ టేపుల మీద బాగుంటుంది. వయొలిన్ల మీద నాకు నచ్చదు, అవి ముందే ఊగుతున్నాయి, దాని మీద ఇంకో తిరుగుడు ఎందుకు. వేస్తే స్లో స్పీడ్‌లోనే ఉంచండి. లెస్లీ అంటే లోపల తిరిగే భాగాలున్న స్పీకర్ పెట్టె, అందులో 800 హెర్ట్జ్ దగ్గర సౌండ్ రెండుగా విడిపోయి పైది తిరిగే హార్న్‌కీ కిందది తిరిగే డ్రమ్‌కీ పోతుంది, రెండూ ఒకే స్పీడులో తిరగవు, స్పీడు మార్చినప్పుడు హార్న్ చప్పున అందుకుంటుంది, డ్రమ్ బద్ధకంగా తర్వాత వస్తుంది. మీ ప్లగిన్‌లో ఈ రెండూ విడిగా లేకపోతే అది లెస్లీ కాదు, ట్రెమోలో. లైను చివర స్లో నుంచి ఫాస్ట్‌కి మార్చేచోట మాత్రం ఎంత వాడినా పాతబడదు.

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను సర్. టేపులున్న నిజం మెల్లోట్రాన్ కొనుక్కోవడం మంచిదా, డిజిటల్‌దా? స్టేజ్ మీద వాడాలని ఆశ. – చంపాపేట

స్టేజ్ కోసం అంటే డిజిటలే. టేపుల మోడల్ కొత్తది కూడా ఉంది, స్ట్రీట్లీ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు 2007లో ఎం4000 అని తెచ్చారు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ దాన్ని డీసీఎం వెనక వేసుకుని శామీర్‌పేట ఫంక్షన్ హాల్ దాకా గుంతల్లో తీసుకెళ్తే దిగాక వాయించడానికి కాదు, సెట్ చెయ్యడానికే సాయంత్రం అయిపోతుంది. ఒక్కో కీకి ప్యాడ్ స్క్రూ, రోలర్ స్క్రూ, 35 కీలు. అదే మెల్లోట్రాన్ పేరుతో డిజిటల్‌ది ఎం4000డీ ఉంది, టేపు లేదు, శాంపిళ్ళు మెమరీలో ఉంటాయి. ఇంకా తక్కువలో కావాలంటే ఎలక్ట్రో హార్మోనిక్స్ మెల్9 అనే పెడల్ ఉంది, గిటార్ కోసం చేసినా మీ కీబోర్డు అవుట్‌పుట్‌ని కూడా అందులోకి పంపొచ్చు, ప్లెయిన్ టోన్ ఒకటి పెట్టుకోండి, రిచ్ ప్యాడ్ పంపితే గందరగోళం చేస్తుంది.

స్టేజ్ మీద పైన చెప్పిన ఏడీటీ, ఫ్లాంజింగ్ ఇవేవీ పెట్టుకోకండి, హాల్ రివర్బే మీకు కావలసినదానికన్నా రెండింతలు ఉంటుంది. ఒక చిన్న డిలే, ఒక వాల్యూం పెడల్. మానిటర్‌లో మాత్రం మీ కీబోర్డుని డ్రైగా అడిగి పెట్టించుకోండి, ఎనిమిది సెకన్ల లిమిట్ ఆన్ చేసుకుంటే నోటు ఎప్పుడు ఆగిందో రివర్బ్‌లో వినపడదు, మీరు కార్డు పట్టుకునే ఉంటారు, సౌండ్ పోయి ఉంటుంది, సింగర్ వెనక్కి తిరిగి మిమ్మల్ని చూస్తాడు.